పొట్టి చేతుల బేరం

నా గదిలో బీరువాకీ కిటికీకీ మధ్య, ఇదివరకు గొడుగులు పెట్టుకునే మూలలో, ఇప్పుడొక బేస్ గిటార్ నిలబడి ఉంది. నల్లటి సంచిలోంచి మెడ మాత్రం బయటికి పెట్టి నన్నే కనిపెడుతున్నట్టు ఉంటుంది. అది మా అమ్మాయి కూతురు టుకుది. వాళ్ళ బ్యాండు రిహార్సళ్ళు భవానీపూర్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల జరుగుతాయి. న్యూ టౌన్ నుంచి బస్సులూ మెట్రోలూ మారుతూ దాన్ని మోసుకు తిరగడమెందుకని ఇక్కడే ఉంచుతోంది. ఇంటికొచ్చిన వాళ్ళు దాన్ని చూసి మొదట అడిగేది "మీరు వాయిస్తారా?" అని. తర్వాత "ఎంతకు కొన్నారు?" అని. మొదటి ప్రశ్నకు నవ్వుతాను, రెండోదానికి వినపడనట్టు ఉండిపోతాను. నేను దుకాణంలో పెరిగిన మనిషిని. కొన్న ధర పైకి చెప్పడమంటే మా ఇళ్ళల్లో స్నానాలగది తలుపు తీసిపెట్టుకోవడంతో సమానం. ఇక్కడా చెప్పను. ఎలా కొన్నామో మాత్రం చెప్తాను. ఎందుకంటే ఆ బేరంలో నేను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేశాను. దాని గురించి కాస్త గొప్పగా చెప్పుకోవాలని ఉంది.

మా నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపుటొడ్డు పల్లెనుంచి వచ్చి ఇక్కడి ఓడరేవు డాకుల్లో పనికి కుదిరాడు. ఇంట్లో అసలు దొర మాత్రం మా అమ్మ. మెటియాబ్రుజ్‌లో, బట్టలు కుట్టే కార్ఖానాల మధ్య, మనిషి పక్కకి తిరిగితే గాని పట్టనంత దుకాణం ఆవిడది. దర్జీలకు కావలసినవే అమ్మేది: దారపుండలు, బొత్తాలు, జిప్పులు, లేసులు, నాడాలు, వెడల్పాటి నవారు. పొద్దున్నే తలుపు తియ్యగానే కొత్త ఎలాస్టిక్ రబ్బరు వాసన, పక్క కార్ఖానాలోంచి మిషను నూనె వాసన, ఇస్త్రీపెట్టెల బొగ్గు వాసన, వీటన్నిటి వెనక నదినుంచి తడి బురద వాసన వచ్చేవి. అమ్మ గుమ్మం ముందు నీళ్ళు చల్లి, గోడకి చేరేసిన గజం బద్దకి అగరుబత్తి చూపించి, అప్పుడు కూర్చునేది. మధ్యాహ్నం దుకాణం వెనక్కి తిరిగి అన్నం తినేది. ఎండుచేపల కూర తిన్న రోజున నిమ్మతొక్కతో చేతులు రుద్దుకుని, వేళ్ళు వాసన చూసుకుని, ఇంకోసారి రుద్దుకుని గాని లేసు ముట్టేది కాదు. లేసు వాసన పట్టేస్తుంది, ఆ వాసన ఏ పెళ్ళికూతురి జాకెట్టులోనో తేలుతుంది, అనేది.

గజం బద్ద పూజకే గాని పనికి కాదు. అమ్మ కొలత చేత్తోనే. లేసు అంచు ముక్కుకి ఆనించి, రెండో చెయ్యి బారచాచి, వేళ్ళ కొసల దాకా ఒక గజం. ఇబ్బందల్లా ఏమిటంటే ఆవిడ చేతులు పొట్టివి. అరచేతులు పూరీలంత, వేళ్ళు బెండకాయలంత. దర్జీ మేస్త్రీలు, వాళ్ళని ఓస్తాగర్లు అంటారు, గుమ్మంలో నిలబడి ఏడిపించేవారు: "దిదీ, ఆ చెయ్యి కాస్త సాగదీయండి, మా గజం అరిగిపోతోంది!" అమ్మ మాట్లాడే బెంగాలీలో ముప్పావు వంతు శ్రీకాకుళమే. "సెయ్యి పొట్టిదే బాబూ, కొసరు పొడుగు" అనేది. కొలవడం అయ్యాక ఇంకో నాలుగు వేళ్ళ మేర వదిలి అప్పుడు కత్తెర వేసేది. ఎవరైనా అనుమానపడి బద్ద తెచ్చి చూసుకుంటే ఎప్పుడూ బద్ద కంటే ఎక్కువే వచ్చేది. ఆ చేతులే నాకు వచ్చాయి. నా నుంచి మా అమ్మాయిని తప్పించుకుని, తిన్నగా టుకుకి వెళ్ళాయి.

మా దుకాణంలో ఇంకో శాసనం ఉండేది. నచ్చినదాన్ని బాగుందనకూడదు. బడాబజార్ టోకు దుకాణాల్లో అమ్మ లేసులు ఏరుతుంటే చూడాలి. ఏ చుట్ట మీద ఆవిడ కళ్ళు రెండోసారి పడ్డాయో దాన్నే ముందు పక్కకి తోసేది. ఇంకోదాన్ని పొగిడి, దాన్ని వదిలేసి, లేచి చెప్పులు వేసుకునేటప్పుడు, "ఆ ముష్టిది ఏటి ఇస్తావు?" అని దీన్ని అడిగేది. దారిలో నాకు పాఠం: "బాగున్నాదన్నావంటే రేటు పెరుగుద్ది. దిష్టీ తగులుద్ది. నోరు మూసుకుని కళ్ళతో మెచ్చుకో." ఆ శాసనం సరుకుకే కాదు, పిల్లలకీ వర్తించేది. ఏ ఓస్తాగరో "మీ అమ్మాయి చురుకు దిదీ, చిల్లర భలే లెక్క చెప్పింది" అన్నాడనుకోండి, అమ్మ మొహం చేదు మందు తాగినట్టు పెట్టేది. "ఇదా? దీనికి దారపుండ ఇప్పడం రాదు. దీన్ని కట్టుకున్నోడు ఏటైపోతాడో!" అనేది. అదే సమయంలో బల్ల కింద, ఎవరికీ కనపడకుండా, ఆవిడ పాదం వచ్చి నా పాదం మీద కూర్చునేది. బొటనవేలితో ఒక్క నొక్కు. నోరు చెప్పేది అమ్మకం మాట, కాలు చెప్పేది ఇంటి మాట. ఆ నొక్కు కోసం నేను ఎన్ని తిట్లయినా తినేదాన్ని. మా అమ్మ నోటితో నన్ను మెచ్చుకోగా వినలేదు. మెచ్చుకోలేదని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.

ఇక టుకు సంగతి. కాలేజీలో నలుగురు కలిసి బ్యాండు పెట్టారు. ముగ్గురు కుర్రాళ్ళు, ఇది. బేస్ ఇది వాయిస్తానంది. స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చుకున్న గిటార్ మామూలు కొలతది. దాని తల దగ్గరి మెట్లకి చూపుడు వేలు పెడితే చిటికెన వేలు అందదు, అందితే మణికట్టు విరుగుతుంది. ఒక ఆదివారం నా దగ్గరికొచ్చినప్పుడు చేతికి కట్టు చూశాను.

"ఏటే ఇది?"

"కిచ్చు నా, అమ్మమ్మా. ఏం లేదు." కట్టు సర్దుకుంటూ తనే చెప్పింది. "వాళ్ళు నన్ను పాడమంటున్నారు. బేస్‌కి వేరేవాణ్ణి చూస్తారట. నా చేతులు దానికి పనికిరావని డ్రమ్ములు కొట్టేవాడు అన్నాడు."

"ఎప్పటికి చూస్తారట?"

"మహాలయ అమావాస్య తర్వాత రిహార్సల్‌కి నేను సరిగా వాయించకపోతే అంతే. దుర్గా పూజోలో ప్రోగ్రాం ఉంది కదా."

పొట్టివాళ్ళకీ పొట్టి చేతులవాళ్ళకీ వేరే రకం బేస్ ఉంటుందని అదే చెప్పింది. షార్ట్ స్కేల్ అంటారట. తీగ సాగే పొడవు నాలుగంగుళాలు తక్కువ, మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, తీగ కూడా మెత్తగా లొంగుతుంది. మరి మొదటే అది కొనుక్కోకపోయావా అంటే, "అందరూ దాన్ని బొమ్మ అంటారు" అని తల వంచుకుంది. దాని అరచెయ్యి తీసి నా అరచేతికి ఆనించి చూశాను. ఒక దారపుండలోంచి తెంపిన రెండు ముక్కలు. మా అమ్మ ఈ చేతులతో మెటియాబ్రుజ్‌లో సగం మందికి లేసు కొలిచింది. ఇవి పనికిరావని ఎవడో డ్రమ్ములు కొట్టే కుర్రాడు అంటే నేనెలా ఊరుకుంటాను?

మా అల్లుడిది హైదరాబాదు. "ఆన్‌లైన్ల ఆర్డర్ పెడ్తే రెండ్రోజుల్ల ఇంటికొస్తది గదా అత్తమ్మా, మీకెందుకు తిప్పలు?" అన్నాడు. మంచివాడే, కానీ చెప్పులు కూడా ఫోనులో కొంటాడు. చేతిలో ఉండాల్సిన వస్తువు చేత్తో పట్టుకుని కొనాలన్నాను. టుకు దగ్గర ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుంది. అందులోంచే కొంటానని అది పట్టు పట్టింది. అంటే బేరం తప్పనిసరి. నాకు లోపల ఎంత ఉత్సాహం వచ్చిందో చెప్తే సిగ్గుచేటు.

లాల్‌బజార్ దగ్గర వాద్యాల దుకాణాల వరస ఉంది. పొద్దున్నే, ఒకాయన షట్టరు ఎత్తుతుండగానే వెళ్ళి నిలబడ్డాం. బోణీ బేరం మనదైతే దుకాణదారు మనల్ని ఉత్త చేతులతో పంపలేడు. పంపితే రోజంతా అలాగే పోతుందని వాళ్ళకి భయం. అది తెలుగు దుకాణంలో ఎంతో బెంగాలీ దుకాణంలోనూ అంతే. నెరిసిన మీసాల మనిషి. అగరుబత్తి వెలిగించి, నన్ను చూసి, "రండి మాషీమా, హార్మోనియమా?" అన్నాడు. బేస్ గిటార్ అన్నాను. అగరుబత్తి చేతిలోనే ఉండిపోయింది.

ముందు మామూలు కొలతది దింపాడు. "ఎకేబారే ఫస్ట్ క్లాస్ మాల్! అందరూ ఇదే పట్టుకెళ్తారు. వాయించగా వాయించగా చెయ్యి అదే సాగుతుంది." సాగే చేతులే అయితే మా అమ్మకి అన్ని గజాలు కొలిచాక ఈపాటికి మోకాళ్ళ దాకా వచ్చి ఉండేవి. టుకు పట్టుకుంది. వేళ్ళ కణుపులు తెల్లబడటం చూసి, వద్దన్నాను. తర్వాత ఒక పొట్టిది, నీలం రంగుది, తళతళలాడుతూ వచ్చింది. చవక. గిటార్ సంగతి నాకేమీ తెలియదు, జిప్పుల సంగతి తెలుసు. జిప్పు పళ్ళు బాగున్నాయో లేదో చూడాలంటే పల్చటి గుడ్డ లాగి చూడాలి. నా పట్టుచీర కొంగు ఆ మెడ అంచున మెట్ల చివర్ల మీదుగా లాగాను. రెండు చోట్ల పట్టుకుంది. చీరనే పట్టుకుంటే పిల్ల చేతిని వదులుతుందా? గజం బద్దని చూసినట్టు ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూశాను. ఎండలో మరిచిపోయిన బద్దలా వంగి ఉంది. టుకు దాన్ని మెడలో వేసుకుని చేతులు వదిలింది. తల బరువుకి అది గిర్రున నేలవైపు తిరిగింది. "తల దించుకున్న సరుకు మాకొద్దు దాదా" అన్నాను. ఆయన నన్ను మొదటిసారి జాగ్రత్తగా చూశాడు.

మూడోది అద్దాల అల్మరాలోంచి వచ్చింది. ముదురు ఎరుపు రంగు. ఎండ తగిలిన వైపు కాస్త వెలిసింది. పొట్టిదని ఎవరూ అడగక అక్కడే ఉండిపోయిందట. కొంగు జారిపోయింది. మెడ తిన్నగా ఉంది. వదిలితే కదలకుండా నిలబడింది. ఆయన దాన్ని స్పీకరు పెట్టెకి తగిలించి మీట నొక్కాడు. టుకు వాయించింది. శబ్దం చెవికంటే ముందు నా కట్టుడు పళ్ళకి తెలిసింది. బల్ల మీది అద్దం జుమ్మంది, అల్మరాలో హార్మోనియాలన్నీ సన్నగా వణికాయి. టుకు చిటికెన వేలు ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్ళి తాపీగా కూర్చుంది. దాని మొహం చూశాను. ఇంక ఇదే.

ఇదే అని తెలియగానే నా నోరు దాని పని అది మొదలుపెట్టింది.

"ఇదేం రంగు దాదా, ఒకవైపు బీట్‌రూటు, ఒకవైపు ఉడకబెట్టిన బీట్‌రూటు?"

"మాషీమా, ఎండకి కాస్త..."

"కాస్తా? దీన్ని చూసి చిన్నపిల్లల బొమ్మ అంటారు. ఎవరూ కొనకే కదా మీ దగ్గర ముసలిదైపోయింది?"

ఆయన ఒక ధర అన్నాడు. నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను. ఆయన ఇంకోటి అన్నాడు. అప్పుడు నేను మా అమ్మ దగ్గర నేర్చుకున్న పెద్ద అస్త్రం తీశాను. "అంత పోసి ఎవరికి? ఈ పిల్లకా? దీని చేతులు చూడండి, పూరీలు! వీటితో ఇది ఏం వాయిస్తుంది? నాలుగు రోజులు టుంగు టుంగుమని అటకెక్కిస్తుంది."

టుకు వాయించడం ఆపింది. గిటార్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. బయటికి నడిచింది.

నిజం చెప్తున్నాను, నాకు గర్వంతో ఒళ్ళు పొంగింది. బోణీ వేళ, ధర సగం దిగి ఉండగా, మాట్లాడకుండా లేచి వెళ్ళిపోవడం! మా అమ్మ కూడా ఇంత శుభ్రంగా లేవలేదు. న్యూ టౌన్‌లో పుడితే ఏం, రక్తం పలికింది అనుకున్నాను. దుకాణదారూ అదే అనుకున్నాడు. "అరే దిదీమణి, దారావ్, దారావ్!" అని, ఆగమంటూ గుమ్మం దాకా పరుగెత్తి, నేను కలలో కూడా అనుకోని ధర వీధిలోకి కేకేశాడు. టుకు వెనక్కి తిరగలేదు.

ఆఖరి మెట్టు దింపడానికి నేనూ విసవిసా బయటికొచ్చాను. నాలుగు దుకాణాల అవతల, మూసి ఉన్న షట్టరుకి ఆనుకుని నిలబడి ఉంది. భుజం తట్టి, "శభాష్! ఇంకో నిమిషం ఇక్కడే ఉందాం, వాడే వస్తాడు" అన్నాను. అప్పుడు మొహం తిప్పింది. కళ్ళనిండా నీళ్ళు.

"నువ్వు కూడా అదే అన్నావు, అమ్మమ్మా. వాళ్ళన్నదే. వదిలెయ్, నేను పాడతాలే."

అప్పుడే ఆ రోడ్డు మీద, తోపుడుబళ్ళ మధ్య నిలబడి, అంతా చెప్పాను. నచ్చినదాన్ని తిట్టాలని, ఎంత నచ్చితే అంత తిట్టాలని, మా అమ్మ నన్ను ఊరందరి ముందూ చేతకానిదాన్ని చేసేదని, బల్ల కింద మాత్రం ఆవిడ పాదం నా పాదం మీద ఉండేదని. అది ముక్కు తుడుచుకుంటూ విన్నది. చివరికి ఒక్క మాట అంది:

"కానీ నువ్వు నా కాలు తొక్కలేదు కదా?"

తొక్కలేదు. నిజమే. మా అమ్మ దగ్గర్నుంచి తిట్లన్నీ తెచ్చుకుని, పాదాన్ని అక్కడే బల్ల కింద వదిలేసి వచ్చాను. ధర అతికించిన వస్తువులే ఎరిగిన పిల్ల ఇది. ఆ మాటల్ని మాటలుగానే విన్నది. దాన్ని చెయ్యి పట్టుకుని మళ్ళీ దుకాణంలోకి తీసుకెళ్ళాను. వెళ్తే బేరం పోతుందని తెలుసు. వెనక్కి వచ్చిన కొనుగోలుదారుకి విలువ లేదు, అందులోనూ నేను చెప్పబోయే మాటలు అనేవాళ్ళకి అసలే లేదు.

"దాదా, ఇందాక నేనన్నవన్నీ బేరం మాటలు. ఈ గిటార్ బాగుంది. మెడ గజం బద్దలా తిన్నగా ఉంది, రంగు కూడా నాకు నచ్చింది. ఈ పిల్ల చేతులు మా అమ్మ చేతులు. ఇది వాయిస్తుంది. పూజోలో వాయిస్తుంది, తర్వాత కూడా వాయిస్తుంది. ఇంక మీ ఇష్టం, ఎంతంటే అంత."

ఆ మాటలు బయటికొస్తుంటే పన్ను పీకించుకున్నట్టు నొప్పి పుట్టింది. పీకించుకున్నాక ఉండే హాయీ కలిగింది. ఆయన బల్ల వెనక కుర్చీలో కూలబడ్డాడు. "మాషీమా, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? కొనేవాళ్ళే సరుకు బాగుందంటే ఏ రేటు చెప్పాలో మా నాన్న నాకు నేర్పలేదు" అన్నాడు. చివరికి వీధిలోకి కేకేసిన ధరకే ఇచ్చాడు. ఇంకో మెట్టు దిగేవాడే, నాకు తెలుసు. ఆ మెట్టు నేను వదులుకున్నాను. ఇప్పటికీ రాత్రిళ్ళు కాస్త గుచ్చుకుంటుంది, దాచడం ఎందుకు.

డబ్బు ఇచ్చాక టుకు కదల్లేదు. పుచ్కా, అంటే మన పానీపూరీ, తినడం అయ్యాక ఆఖర్న ఒకటి ఊరికే అడుగుతారు చూడండి, అచ్చం ఆ గొంతుతో, "దాదా, ఫావు?" అంది. మేం కొసరు అనేదాన్నే ఇక్కడ ఫావు అంటారు. గిటార్ దుకాణంలో ఫావు అడిగిన పిల్లని ఆయన ముందెన్నడూ చూసి ఉండడు. పకపకా నవ్వి, ఈ నల్ల సంచీ, పొట్టి బేస్‌కి తప్ప దేనికీ పనికిరాని ఒక జత తీగలూ ఇచ్చాడు. ఆ తీగలు ఆయన ఇంకెవరికీ అమ్మలేడని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. టుకు మాత్రం ఏదో రాజ్యం గెలిచినట్టు నడిచింది.

మెడలో వేసుకునే పట్టీకి వేరే ధర చెప్పబోయాడు. నవారు అమ్మిన ఇంటి పిల్లకి పట్టీ అమ్ముతాడా? అమ్మ దుకాణం మూసేసినప్పుడు మిగిలిన నవారు చుట్ట ఒకటి నా పెట్టెలో ఉంది. ఆ సాయంత్రం తీశాను. రబ్బరు వాసన పోయింది గాని, ముక్కుకి దగ్గరగా పెట్టుకుంటే నిమ్మతొక్క వాసన వచ్చినట్టే అనిపించింది. నాది భ్రమ కావచ్చు. టుకుని నవారు కొస ముక్కుకి ఆనించి చెయ్యి బారచాచమన్నాను. కొలిచాక అది కత్తెర అందుకోబోతే ఆపి, ఇంకో నాలుగు వేళ్ళు వదిలించాను. ఎందుకని అడిగితే, మన చెయ్యి పొట్టిది కాబట్టి, అన్నాను.

ఒక్కోసారి ఆలోచిస్తాను. ఈ పిల్లలకి పొగడ్తలు ఎప్పుడూ తక్కువ కాలేదు. అన్నప్రాశన ఫోటోనుంచీ ప్రతిదానికీ పదిమంది హృదయం బొమ్మలు పెడుతూనే ఉన్నారు. అయినా ఒక కుర్రాడు చేతులు పనికిరావంటే కూలిపోయింది. మాకు పొగడ్త అంటే ఏమిటో తెలియదు, ఒక బొటనవేలి నొక్కు మీద ఏళ్ళు బతికేశాం. మా పద్ధతే గొప్పదని అనలేను. ఆ నొక్కు మరిచిపోతే మిగిలేది తిట్టే కదా, ఆ రోజు రోడ్డు మీద చూశాను. కానీ మంచి మాట పైకి అనడం మా ఇంట్లో ఎవరూ చెయ్యని పని. నేను చేశాను. మా అమ్మ ఉంటే బేరం చెడగొట్టానని తిట్టేది. బల్ల కింద ఏం చేసేదో నాకు తెలుసు.

మహాలయ తర్వాత రిహార్సల్‌కి టుకు ఆ పట్టీ వేసుకుని వెళ్ళింది. బొమ్మ అన్నారట, పాట అయిపోయేదాకా. తర్వాత ఎవరూ వేరేవాణ్ణి చూసే మాట ఎత్తలేదు. మొన్న ఆ ముగ్గురు కుర్రాళ్ళూ మా ఇంటికొచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని జంతికలు నములుతుండగా, ఆ డ్రమ్ముల కుర్రాడే, అమ్మమ్మని వాళ్ళ భాషలో పిలుస్తూ, అడిగాడు: "దిదా, బేస్ మీరే చూసి కొన్నారట కదా? సౌండ్ భలే ఉంది!"

నేను నోరు తెరిచేలోపే టుకు అందుకుంది. మొహం చేదు మందు తాగినట్టు పెట్టింది. "ఈవిడా? ఈవిడకి గిటార్‌కీ గరిటెకీ తేడా తెలీదు. చీర కొంగు పెట్టి గిటార్ తుడుస్తుంటే నాకు దుకాణంలో పరువు పోయింది!"

కుర్రాళ్ళు గొల్లున నవ్వారు. బల్ల కింద చల్లటి చిన్న పాదం ఒకటి వచ్చి నా పాదం మీద కూర్చుంది. బొటనవేలు ఒక్కసారి నొక్కింది.

"ఏదో, పిల్ల ఏడుస్తుంటే కొన్నాం బాబూ" అన్నాను నేను, జంతికల పళ్ళెం వాళ్ళవైపు జరుపుతూ. "పూజో అవగానే అటకెక్కించేస్తుంది చూడండి." బల్ల కింద నా రెండో పాదమూ ఊరికే లేదు.